దూరపు గురికి స్కోపు: జీరో చేశాక పైన ఎంత మిగులుతుందో చూసి కొనండి

స్కోపు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. దూరపు గురికి అది రెండో ప్రశ్న. రైఫిల్‌ని దగ్గరి దూరానికి జీరో చేశాక, అంటే గురి చూసిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోపుని సర్దాక, ఎలివేషన్ టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపే గుండీ) ఇంకా ఎంత పైకి తిరుగుతుందన్నది మొదటిది. టరెట్ సగం దూరంలోనే ఆగిపోతే 40 రెట్ల స్కోపైనా చేసేదేమీ లేదు. బుల్లెట్ బోర్డు కింద ఎక్కడ దిగిందో పెద్దగా చూపిస్తుంది, అంతే.

ఖర్చు పెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ పిల్లలు 10 మీటర్ల ఎయిర్ రైఫిలో, 50 మీటర్ల త్రీ పొజిషన్సో నేర్చుకుంటుంటే స్కోపు అక్కర్లేదు. ఒలింపిక్ పద్ధతిలో జరిగే ఆ రైఫిల్ పోటీల్లో స్కోపు పెట్టనివ్వరు, సన్న రంధ్రం ఉన్న డయాప్టర్ సైటే వాడాలి. స్కోపుతో పని పడేది ఎఫ్-క్లాస్ (పడుకుని, ఆనుపు మీద రైఫిల్ పెట్టి దూరానికి వేసేది), బెంచ్‌రెస్ట్ (బల్ల మీద ఆనించి వేసేది), ఫీల్డ్ టార్గెట్ (ఆరుబయట ఎయిర్ రైఫిల్‌తో వేసేది) లాంటి పోటీల్లో. ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-టీఆర్ విభాగానికి స్కోపు, బైపాడ్ (రెండు కాళ్ల ఆనుపు)తో కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. అక్కడ స్కోపు బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక చోటు సంగతి. 4.5 మిల్లీమీటర్ల బోరుకూ (బ్యారెల్ లోపలి వెడల్పు) 20 జౌళ్ల శక్తికీ మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. .22 (అంగుళంలో 0.22 వంతు బోరు) నుంచి పైవన్నీ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సుతోనే. లైసెన్సు ఉన్నా గురి చూసే చోటు అనుమతి ఉన్న షూటింగ్ రేంజే తప్ప చేను గట్టు కాదు. మన గోదావరి డెల్టాలో వెనక బుల్లెట్‌ని ఆపే కొండ ఉండదు. సార్వాకైనా దాళ్వాకైనా చేల్లో నీళ్లు నిలిచే ఉంటాయి, వాలుగా తగిలిన బుల్లెట్ నీటి మీద ఎగిరి దిక్కు మారిపోతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చి వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఎత్తుగా వదిలితే .22 బుల్లెట్ అందులో సగం పైగా పోగలదు, .308 అవతలి ఒడ్డు కూడా దాటుతుంది.

మొదటి పని: ఎంత కావాలో లెక్క కట్టండి

కొలతలు రెండు రకాలు. ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దగ్గర అది 29 మిల్లీమీటర్లు, 100 గజాల దగ్గర 26.6 మిల్లీమీటర్లు. మిల్ అంటే 100 మీటర్ల దగ్గర సరిగ్గా 10 సెంటీమీటర్లు. ఒక మిల్ 3.44 ఎంఓఏలతో సమానం. మీటర్లలో ఆలోచించేవాళ్లకి మిల్లే సుఖం: 0.1 మిల్ క్లిక్కు (టరెట్ తిప్పితే టిక్కుమనే ఒక్క మెట్టు) 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు, 200 దగ్గర రెండు. ఏది తీసుకున్నా టరెట్, రెటికిల్ (స్కోపు లోపల కనిపించే గురి గీతలు) రెండూ ఒకే కొలతలో ఉండాలి. మిల్ రెటికిల్, ఎంఓఏ టరెట్ ఉన్న స్కోపులు చవగ్గా దొరుకుతాయి గానీ, గురి మధ్యలో 3.44తో గుణించుకుంటూ కూర్చోవాలి.

కొన్ని స్కోపుల్లో క్లిక్కు అచ్చంగా ఎంఓఏ కాదు, 100 గజాలకు పావు అంగుళం. రెంటికీ తేడా ఐదు శాతం లోపే, పైకి ఏమీ అనిపించదు. కానీ 40 ఎంఓఏలు తిప్పి 1000 గజాలకు వేస్తే ఆ తేడా 48 సెంటీమీటర్లవుతుంది. పది పాయింట్ల వలయమే అక్కడ ఇంచుమించు 25 సెంటీమీటర్ల వెడల్పు. కాబట్టి కాగితంలో ఏ కొలత రాశారో చూడండి, చివర్లో చెప్పే పరీక్షతో తేల్చుకోండి.

ఇప్పుడు అవసరం. చాలామంది జీరో నుంచి దూరానికి పడే దిగుడు ఒక్కటే లెక్కేస్తారు. జీరోకే కొంత ఖర్చవుతుందని మర్చిపోతారు. స్కోపు బ్యారెల్ కన్నా పైన ఉంటుంది, బుల్లెట్ కిందికి దిగుతుంది. ఈ రెండూ కలిసేలా జీరో చేయడానికి టరెట్ నడిమధ్య నుంచి కొంత పైకి తిరగాల్సిందే. స్కోపు మధ్యగీత బ్యారెల్ మధ్యగీతకు 45 మిల్లీమీటర్ల పైన ఉందనుకుంటే లెక్క సుమారుగా ఇలా వస్తుంది:

- .308, 175 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, సెకనుకు 2600 అడుగుల వేగం: 100 గజాల జీరోకి 4 ఎంఓఏ, అక్కడి నుంచి 1000 గజాలకు 40. మొత్తం 44.
- .22, 40 గ్రెయిన్లు, సెకనుకు 1070 అడుగులు: 50 మీటర్ల జీరోకి 12, అక్కడి నుంచి 200 మీటర్లకు 28. మొత్తం 40. 300 మీటర్లకైతే 64 దాకా పోతుంది.
- 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, 16 జౌళ్లు: 25 మీటర్ల జీరోకి 14, అక్కడి నుంచి 100 మీటర్లకు 30 చిల్లర. మొత్తం 45.

మూడూ ఇంచుమించు ఒక్కచోటికే వచ్చాయి చూడండి. 1000 గజాల రైఫిల్‌కి ఎంత టరెట్ కావాలో, 100 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కీ అంతే కావాలి. నెమ్మదిగా పోయేది ఎక్కువ దిగుతుంది మరి. "చిన్న తుపాకీయే కదా, చిన్న స్కోపు చాలు" అని ఒక అంగుళం లావు ట్యూబు (స్కోపు గొట్టం) ఉన్నది కొని ఇరుక్కునేది ఇక్కడే. పైగా మడిచి లోడు చేసే స్ప్రింగు ఎయిర్ రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ మూతి కాస్త కిందికి వాలి ఉంటుంది, ఆ వాలు కూడా టరెట్టే మోయాలి.

మీ రైఫిల్ అంకెలు బాలిస్టిక్ కాలిక్యులేటర్‌లో వేసి చూసుకోండి. స్కోపు ఎత్తు ఊహించి రాయొద్దు, వెర్నియర్‌తో కొలవండి. మనది సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు, గాలి చిక్కగా ఉంటుంది. ఎత్తు మీదున్న రేంజిలో ఎవరో తయారుచేసిన పట్టిక ఇక్కడ తక్కువ చూపిస్తుంది. తేమ గురించి బెంగ వద్దు. ఉక్కపోతకి మనకే ఊపిరాడదు గానీ బుల్లెట్‌కి దాంతో పనిలేదు, తేమ గాలి పొడి గాలి కన్నా రవ్వంత తేలికే. తేడా తెచ్చేది వేడి. డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి, మే నెల 42 డిగ్రీల గాలి కన్నా 8 శాతం చిక్కన. 1000 గజాలకు అది ఒకటి రెండు ఎంఓఏల మాట. కాబట్టి చలికాలపు పొద్దుటికే లెక్క కట్టండి. వచ్చిన అంకెకి ఇంకో 5 నుంచి 10 కలపండి. టరెట్ చివరి అంచుల్లో లోపలి స్ప్రింగు పట్టు తగ్గుతుంది, బొమ్మ కూడా పక్కలకి మసకేస్తుంది.

పెట్టె మీద అంకె ఎలా చదవాలి

కాగితంలో "మొత్తం ఎలివేషన్ 80 ఎంఓఏ" అని ఉంటే అది కింది కొస నుంచి పై కొస దాకా. మధ్యలో ఉన్నప్పుడు పైకి 40, కిందికి 40. ఒక అంగుళం ట్యూబుల్లో మొత్తం 40 నుంచి 60 మధ్య, 30 మిల్లీమీటర్ల వాటిలో 60 నుంచి 100 దాకా, 34 వాటిలో 100 దాటి సాధారణంగా కనిపిస్తాయి. అయితే ట్యూబు లావుని చూసి మోసపోకండి. కొందరు తయారీదారులు లావు పెంచి ఆ చోటంతా గోడ మందానికే వాడేస్తారు. రెట్లు పెరిగేకొద్దీ సర్దుబాటు తగ్గడం కూడా మామూలే: ఒకే ట్యూబులో 4-16 రెట్ల స్కోపుకి ఉన్నంత 8-32 రెట్ల దానికి ఉండకపోవచ్చు. ముందద్దం 56 మిల్లీమీటర్లైనా ఎలివేషన్‌కి దాంతో సంబంధం లేదు. మిల్లుల్లో రాసి ఉంటే 29 మిల్ అంటే 100 ఎంఓఏ అని గుర్తుంచుకోండి.

విండేజ్ (గురిని పక్కలకి జరిపే సర్దుబాటు) కూడా ఈ ఎలివేషన్‌నే తింటుంది. లోపల కదిలే గొట్టం గుండ్రటి ట్యూబులో తిరుగుతుంది కాబట్టి, పక్కకి బాగా జరిపితే పైకి పోయే చోటు తగ్గుతుంది. అన్ని వైపులా 40 ఉన్న స్కోపులో దాన్ని పట్టి ఉంచే రింగులు వంకరగా కూర్చుని, జీరో కోసం విండేజ్‌ని 20 పక్కకి తిప్పాల్సి వచ్చిందనుకోండి, పైకి 40 బదులు ఇంచుమించు 35 దగ్గరే గోడ తగులుతుంది. కాగితంలో ఎవరూ ఈ సంగతి రాయరు. పక్క సర్దుబాటుని గాలికి మిగుల్చుకోవాలి. గంటకు 16 కిలోమీటర్ల పక్క గాలి 1000 గజాలకు .308ని 8-9 ఎంఓఏలు, 200 మీటర్లకు .22ని 6 ఎంఓఏలు తోస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం పైరగాలి తిరిగిందంటే అంతకన్నా ఎక్కువే.

టరెట్ ఒక చుట్టుకి ఎంతో కూడా చూడండి. చుట్టుకి 12 ఎంఓఏలే అయితే 40 తిప్పడానికి మూడు చుట్లు దాటాలి, వెనక్కి తిప్పేటప్పుడు ఒక చుట్టు మర్చిపోవడం ఖాయం. చుట్టుకి 25 ఎంఓఏ లేదా 10 మిల్ ఉండి, జీరో దగ్గర గట్టిగా ఆగే జీరో స్టాప్ ఉంటే ఆ బాధ లేదు.

రెట్ల మాట ఒక్క ముక్కలో చెప్పాలంటే, డెల్టాలో ఉదయం తొమ్మిది దాటాక నేల మీద గాలి మరుగుతున్నట్టు ఊగుతుంది. 40 రెట్లు పెడితే ఆ ఊగుడే పెద్దగా కనిపిస్తుంది. 20 నుంచి 25 రెట్లతో పని జరిగిపోతుంది, మిగిలిన డబ్బు మంచి టరెట్ మీద పెట్టండి.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ తుపాకీ ముందు వెనక్కి, ఆ వెంటనే ముందుకి తన్నుతుంది. వెనక తాపుకి మాత్రమే తట్టుకునేలా కట్టిన స్కోపులో అద్దాలు వదులైపోతాయి, పెద్ద రైఫిల్ మీద ఏళ్లు నిలిచినదైనా సరే. ఎయిర్‌గన్‌కి పనికొస్తుందని తయారీదారు రాసి ఉండాలి, పారలాక్స్ (దూరాన్ని బట్టి బొమ్మని సర్దే చక్రం) 10 మీటర్ల దాకా దిగాలి.

వాలు రైలు: సగం దాచిన సర్దుబాటుని బయటికి తీయడం

మామూలు చదును రైలు (రైఫిల్ మీద స్కోపు రింగులు బిగించే పట్టీ) మీద స్కోపు పెడితే కిందికి ఉన్న సగం అంతా వృథా, నేల కిందికి గురి పెట్టే పని ఎవరికీ ఉండదు కదా. వెనక ఎత్తు, ముందు పల్లం ఉన్న వాలు రైలు వేస్తే ఆ సగంలో కొంత పైకి వచ్చి చేరుతుంది. 20 ఎంఓఏ రైలు అంటే 150 మిల్లీమీటర్ల పొడవులో వెనక కొస 0.87 మిల్లీమీటరు ఎత్తు, ఏటీఎం కార్డు మందం కన్నా కొంచెం ఎక్కువ. కంటికి ఆనదు కాబట్టే తిరగేసి బిగించేస్తారు. అలా బిగిస్తే ఉన్నదాంట్లోంచి 20 పోతుంది. బిగించే ముందు రెండు కొసల మందం వెర్నియర్‌తో కొలిచి, లావు కొస కంటి వైపు ఉందని చూసుకోండి.

.308కి లెక్క వేసి చూద్దాం. అవసరం జీరో పైన 40, జాగ్రత్తకి 5, వెరసి 45.

మొత్తం 50 ఉన్న అంగుళం స్కోపు: సగం 25, జీరోకి 4 పోగా పైన 21. 20 రైలు వేస్తే 41. 40 దాటినట్టే ఉంది, కానీ 45కి చాలదు, చివరి క్లిక్కుల మీద బతకాలి. వద్దు.

మొత్తం 80 ఉన్న 30 మిల్లీమీటర్ల స్కోపు: చదును రైలు మీద పైన 36. 20 రైలుతో 56, కింద ఇంకా 24 మిగులు. ఇది కొనదగ్గది. 30 రైలుతో 66, కింద 14, ఇదీ బాగానే ఉంటుంది. అత్యాశకు పోయి 40 రైలు వేస్తే పైన 76 వస్తుంది గానీ కింద మిగిలేది 4. రింగులో చిన్న వంకర ఉన్నా, రిసీవర్ (బోల్టు ఉండే భాగం) మీద చిల్లులు పిసరంత తేడాగా ఉన్నా ఆ నాలుగూ పోయి, 100 గజాల దగ్గర జీరో కుదరదు. బుల్లెట్లు ఎప్పుడూ పైనే పడతాయి, టరెట్ ఇక దిగనంటుంది. రైలు వాలు మొత్తం సర్దుబాటులో సగానికి కనీసం పది తక్కువ ఉండేలా చూసుకుంటే ఈ చిక్కు రాదు.

రైలు దొరక్క వెనక రింగు కింద కూల్‌డ్రింక్ డబ్బా రేకు పెట్టేవాళ్లున్నారు. రింగుల మధ్య 100 మిల్లీమీటర్ల దూరం ఉంటే 0.1 మిల్లీమీటరు రేకు 3.4 ఎంఓఏలు ఇస్తుంది. ఒక రేకుతో సరిపెట్టుకోవచ్చు. నాలుగైదు వేస్తే రెండు రింగులూ ఒక గీతలో ఉండక ట్యూబు వంగుతుంది, నొక్కులు పడతాయి, దాంతో లోపలి గొట్టమే బిగుసుకోవచ్చు. అంతకన్నా లోపల గుండ్రటి ప్లాస్టిక్ ఇన్సర్టులు తిరిగే రింగులు మేలు. ఏ ఇన్సర్టు ఎంత తేడా ఇస్తుందో దాని మీదే రాసి ఉంటుంది, ట్యూబు మీద ఒత్తిడి పడదు.

బిగించే ముందు, బిగించేటప్పుడు

ఎవరో వాడిన స్కోపైతే టరెట్లు ఎక్కడున్నాయో తెలియదు. ముందు మధ్యకి తేవాలి. స్కోపుని తక్కువ రెట్లకి, పారలాక్స్‌ని అనంతానికి పెట్టి, ముందద్దం అంచుని గోడ అద్దానికి చదునుగా ఆనించి లోపలికి చూడండి. రెటికిల్‌తో పాటు దాని ప్రతిబింబం ఇంకొకటి మసగ్గా కనిపిస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా టరెట్లు తిప్పండి, అదే నడిమధ్య. ఆ తర్వాత పై కొసకీ కింది కొసకీ క్లిక్కులు లెక్కపెట్టండి. ఆగిన చోట బలవంతం చేయొద్దు, దారాలు పాడవుతాయి. పావు ఎంఓఏ క్లిక్కులో 80 ఎంఓఏ అంటే మొత్తం 320 క్లిక్కులు రావాలి. 250 దగ్గరే ఆగిపోతే ఆ స్కోపు కాగితం అబద్ధం చెబుతోంది, తిరిగి ఇచ్చేయండి.

రైఫిల్‌లో తూటా లేదని చూసి, బోల్టు తీసేసి పని మొదలుపెట్టండి. రింగు మూతల స్క్రూలు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, లేదా రింగు తయారీదారు చెప్పినంత. టార్క్ రెంచి లేకుండా చేతివాటంగా బిగిస్తే ఎక్కువైపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది, ఆపై ఎలివేషన్ ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా తిరుగుతుంది.

నిలువు చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. రైలు మీద రసమట్టం పెట్టి రైఫిల్‌ని సమంగా నిలిపి, ఎదురుగా తాపీ మేస్త్రి వాడే గుండుతాడు వేలాడదీసి, రెటికిల్ నిలువు గీత ఆ తాడు మీద కూర్చునేలా స్కోపుని తిప్పి బిగించండి. ఒక్క డిగ్రీ వంకర ఉంటే 40 ఎంఓఏలు తిప్పినప్పుడు గురి 0.7 ఎంఓఏ పక్కకి పోతుంది, 1000 గజాల దగ్గర సుమారు 19 సెంటీమీటర్లు. మూడు డిగ్రీలకి అర మీటరు దాటుతుంది. దాన్ని గాలి అనుకుని గాలికి సర్దుకుంటూ పోతారు, రోజంతా తేలదు.

తుపాకీ లేకుండానే పరీక్ష

టరెట్ నిజంగా చెప్పినంత కదులుతోందా? దీనికి రేంజి దాకా పోనక్కర్లేదు, తూటా ఖర్చూ లేదు. కొబ్బరి చెట్టుకి సుమారు రెండు మీటర్ల ఎత్తున ఒక కొలత టేపు కట్టి, కింద ఇటుక బరువు వేలాడదీయండి, దానంతటదే నిలువుగా నిలుస్తుంది. టేపు మీద ప్రతి 10 సెంటీమీటర్లకీ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అడ్డంగా అంటించండి, 100 మీటర్ల నుంచి అంకెలు కనిపించవు గానీ ఆ పట్టీలు కనిపిస్తాయి. స్కోపుని రైలుతో సహా బరువైన చెక్క దిమ్మకి బిగించి, దిమ్మని బల్లకి సీ-క్లాంపుతో కదలకుండా పట్టించండి. రైఫిల్ మీద ఉంచి మాత్రం చేయొద్దు. చెట్టు నుంచి స్కోపు ముందద్దం దాకా దూరం టేపుతోనే కొలవండి. అడుగులు లెక్కపెడితే 100 మీటర్లకి మూడు నాలుగు తేడా వస్తుంది, పరీక్షే వృథా.

ఎండ పొడవక ముందు, గాలి నిలకడగా ఉన్నప్పుడు చూడండి. రెటికిల్ మధ్యని పై పట్టీ మీద పెట్టి, టరెట్‌ని "అప్" వైపు 10 మిల్ తిప్పండి. స్కోపు కదలకుండా ఉంది కాబట్టి రెటికిల్ కిందికి దిగుతుంది, తికమక పడొద్దు. సరిగ్గా ఒక మీటరు దిగాలి. ఎంఓఏ అయితే 30 తిప్పితే 87 సెంటీమీటర్లు. 98 సెంటీమీటర్లే దిగితే స్కోపు రెండు శాతం తక్కువ ఇస్తోంది, కాలిక్యులేటర్ చెప్పిన అంకెని 1.02తో గుణించి తిప్పుకోండి. అలాంటి స్కోపుతోనూ బతకొచ్చు. బతకలేనిది వేరు: కిందికీ పైకీ ఐదుసార్లు తిప్పి మొదటి పట్టీకి వస్తే ఒక్కోసారి ఒక్కో చోట ఆగేది. దాన్ని సర్దలేం, వెనక్కి పంపాలి. రెటికిల్ నిలువు గీతని ముందే టేపుకి సరిపెట్టినా, దిగేటప్పుడు టేపు వదిలి పక్కకి జారుతుంటే రెటికిల్ లోపలే వంకరగా కూర్చుందన్నమాట, అదీ వెనక్కే.

వానాకాలం దాచడం

కొత్త స్కోపు లోపల నైట్రోజనో ఆర్గానో నింపి సీలు వేసి ఉంటుంది, టరెట్ టోపీల కింద స్క్రూలు తెలియకుండా విప్పితే ఆ గ్యాసు పోతుంది. బయటి అద్దాల పూత మీద మాత్రం తుఫాను రోజుల్లో చెమ్మ పట్టి సాలెగూడు గీతల్లా బూజు అల్లుకుంటుంది. ఒకసారి పూతలోకి దిగాక తుడిస్తే పోదు. తోలు సంచిలోనో, ఫోము పెట్టెలోనో మూసి పెట్టొద్దు, అవే చెమ్మ పీలుస్తాయి. రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. రంగు మారే గింజలు వాడండి. రంగు తిరిగితే మూకుడులో సన్నటి మంట మీద వేయించి ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు, కాకపోతే ఆ మూకుడు మళ్లీ వంటకి వాడొద్దు. వానలో తడిసిన స్కోపుని అలాగే డబ్బాలో పెట్టకండి. మెత్తటి పొడి గుడ్డతో బయట తుడిచి, ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడు మూత పెట్టండి.